బందరులో కాపురం, బెజవాడలో కొలువు

"అప్ అండ్ డౌన్ చేస్తున్నావా, మకాం మార్చేశావా?" బందరు మనిషికి బెజవాడలో ఉద్యోగం వచ్చిందంటే చుట్టుపక్కల వాళ్లు ముందు అడిగేది ఇదే. జీతం సంగతి ఆ తరవాత. చాలామంది దీనికి జవాబు అద్దె చూసి చెప్పేస్తారు. ఇక్కడ సొంతిల్లు ఉంది, అక్కడ రెండు గదుల పోర్షన్‌కి అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు ఎందుకు దండగ, తిరిగితే పోలా అనుకుంటారు. అద్దె చూడాల్సిందే, కానీ దాంతో తేలే వ్యవహారం కాదిది.

ముందు గంటలు కట్టండి. మచిలీపట్నం నుంచి విజయవాడకి రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్లు. గూడూరు, నిడుమోలు, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటాక పెనమలూరు దగ్గర్నుంచే బెజవాడ ట్రాఫిక్ తగులుతుంది. "గంటన్నరలో పడేస్తాడు" అనేవాళ్లు బస్సు కదిలినప్పటి నుంచి లెక్కపెడతారు. ఈడేపల్లిలో గేటు వేసి బస్టాండు చేరడం, సీటు కోసం కిటికీలోంచి కర్చీఫు వేయడం, బస్సు నిండేదాకా కూర్చోవడం, పోరంకి నుంచి బెంజి సర్కిల్ దాకా నత్తనడక, దిగాక ఆటో, ఇవన్నీ ఎవరి ఖాతాలో రాయాలి? గడప దాటి ఆఫీసు కుర్చీలో కూర్చునేసరికి రెండున్నర గంటలు వేసుకోండి. రానూపోనూ ఐదు. నెలకు 22 పనిదినాలకు 110 గంటలు. రోజుకు ఎనిమిది గంటల డ్యూటీ లెక్కన పద్నాలుగు రోజుల పని దారిలోనే అయిపోతోంది. చెరుకు ట్రాక్టర్లు వరసకట్టే రోజుల్లో, పొద్దున్నే పొలాల మీద మంచు కమ్మే రోజుల్లో ఇంకా పెరుగుతుంది.

రైలు చౌక. పెడన, గుడివాడ మీదుగా చుట్టు తిరిగి వెళ్లే దారి డబ్లింగు, విద్యుదీకరణ అయ్యాక మెరుగుపడింది. 150 కిలోమీటర్ల లోపు దూరాలకు రైల్వే సీజన్ టికెట్ ఇస్తుంది కాబట్టి నెల ఖర్చు వందల్లో తేలిపోతుంది, మూడు నెలలది తీసుకుంటే ఇంకాస్త కలిసొస్తుంది. సీజన్ ఉంది కదా అని రిజర్వేషన్ పెట్టెలో కూర్చుంటే మాత్రం జరిమానా. చిలకలపూడి, పెడన వైపు ఇల్లున్న వాళ్లకి రైలు అనువు. అయితే బస్సు తప్పితే ఇంకో బస్సు ఉంటుంది, రైలు తప్పితే ఆ పూట ప్లాను మొత్తం తలకిందులే. ఆఫీసు టైముకి సరిపోయే బండి ఒక్కటే ఉందంటే దాని మీద కాపురం నడపకండి.

బైకు మీద తిరుగుతామనే కుర్రాళ్లకి ఒక మాట. రోజుకు 140 కిలోమీటర్లు, లీటరుకు 50 ఇచ్చినా దాదాపు మూడు లీటర్లు. లీటరు 110 చొప్పున రోజుకు మూడు వందలు, నెలకు ఆరున్నర వేలు దాటుతుంది. టైర్లు, సర్వీసింగు కలిపితే అద్దెలో మిగిలిందనుకున్నదాంట్లో సగం హరీ. అది అలా ఉంచి, హైవే మీద రోజూ చీకట్లో వెళ్లి చీకట్లో రావడాన్ని పొదుపు అనడం నాకు నచ్చదు.

ఇక అసలు సంగతి. నన్నడిగితే ఈ వ్యవహారమంతా ఒక్కదాని మీద తేలుతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి లేచే టైము మీ చేతిలో ఉందా, మీ పైవాళ్ల చేతిలో ఉందా? పొద్దుట పూట మన ఇష్టం, నాలుగున్నరకి అలారం పెట్టుకుని లేస్తాం. సాయంత్రం అలా కాదు. ఐదున్నరకి లేచిన మనిషి ఎనిమిదికి ఇల్లు చేరి, పిల్లతో కూర్చుని అన్నం తిని, హోంవర్కు ఒక పేజీ చూసి, రేపటి సంచి సర్దుతాడు. ఏడున్నరకి లేచినవాడు ఇల్లు చేరేసరికి పది. తొమ్మిదింటికే పిల్ల పడుకుంది. మూత పెట్టిన కంచం టేబుల్ మీద ఉంటుంది, ఆయన దాన్ని వేడి చేసుకునే ఓపిక కూడా లేక అలాగే తింటాడు. ఇద్దరిదీ బందరు కాపురమే అంటాం. రెండోవాడి ఇంట్లో ఆ కాపురం చేస్తున్నది పెళ్లాం పిల్లలు మాత్రమే.

దీన్ని అంచనాలతో తేల్చకండి. ఆఫీసులో బయోమెట్రిక్ హాజరు ఉంటుందిగా, గత మూడు నెలల అవుట్ టైములు ఒకసారి చూసుకోండి. "నేను మామూలుగా ఆరింటికే బయటపడతాను" అనే మనిషికి ఆ పట్టిక చాలాసార్లు వేరే కథ చెబుతుంది. నెలలో మూడో వంతుకు మించి రోజులు ఆరున్నర దాటుతుంటే మకాం మార్చమనే నా సలహా. శాస్త్రం చెప్పిన గీత కాదు, నేను గీసుకున్న గీత. బ్యాంకులో మార్చి నెల, షోరూముల్లో దసరా, ఆడిటర్ల దగ్గర రిటర్నుల గడువు లాంటి సీజను రద్దీ వేరు. ఆ నెల రోజులకి బెజవాడలో హాస్టల్ మంచం తీసుకుంటే సరిపోతుంది. ఏడాది పొడుగునా అదే తంతు అయితే మటుకు బందరు ఇల్లు లాడ్జి అయిపోయినట్టే.

రెండో వైపు ఇంట్లో ఉండే మనిషి. ఒకరు రోజుకు పద్నాలుగు గంటలు ఊళ్లో లేకపోతే ఆ గంటల్లో ఇంటికి కావాల్సినవన్నీ రెండోవాళ్ల నెత్తి మీద పడతాయి. గ్యాస్ బండ, స్కూలు ఆటోవాడు రాని రోజు, మామగారి బీపీ మాత్రలు, మోటారు రిపేరు, స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు. అవి చిన్నపనులే, కాకపోతే ఏవీ రాత్రి పది తరవాత చేసేవి కావు. ఆవిడ కూడా బందరులోనే టీచరో, ఆఫీసులో గుమాస్తానో అయితే ఆవిడ సెలవులన్నీ వీటికే కరిగిపోతాయి. ఓ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఎవరేం చేస్తున్నారో కాగితం మీద రాయండి. మాటల్లో తేలనిది రాతలో తేలుతుంది. "అమ్మా నాన్నా ఉన్నారుగా చూసుకోవడానికి" అనేది ఇవాళ్టికి నిజం. అరవై ఐదేళ్ల మనిషి డెబ్బైలో పడ్డాక చూసుకునేవాళ్లు, చూడాల్సినవాళ్లు తారుమారవుతారు. ఆ పెద్దవాళ్లనీ అడగండి. ఇల్లు వదిలి రామంటారని మనమే అనుకుని వాళ్ల తరఫున తీర్మానం చేసేస్తుంటాం.

తిరిగేది ఆవిడే అయితే చిక్కు ఇంకో రకం. పొద్దున్నే బస్సు అందుకోవాలంటే అంతకు ముందే వంట, నాలుగు క్యారేజీలు, చిన్నదానికి జడ. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రంలో మహిళలకు టికెట్ లేదు. దాంతో "ఖర్చేముంది, తిరుగు" అనడం ఇంట్లో వాళ్లకి తేలికైంది. టికెట్ పోయింది గానీ గంటలు పోలేదు. ఆవిడ ప్రయాణం చేస్తున్నంత కాలం పొద్దుటి వంట మగవాడి వంతు కావాలి. ఒప్పందం అంత స్పష్టంగా లేకపోతే మకాం మార్చడమే మేలు.

డబ్బు విషయంలో రెండు మూడు తెలిసి ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఇంటద్దె భత్యం పనిచేసే ఊరిని బట్టి వస్తుంది, పడుకునే ఊరిని బట్టి కాదు. విజయవాడ వై క్లాసు నగరం, మచిలీపట్నం జెడ్. ఏడో వేతన సంఘం లెక్కలో కరువు భత్యం 50 శాతానికి చేరాక వీటి రేట్లు 20, 10 శాతాలయ్యాయి. యాభై వేల మూల వేతనానికి పది వేలు, ఐదు వేలు. అంటే బందరు నుంచి తిరిగినా బెజవాడ రేటే వస్తుంది, బదిలీ మీద బందరు వచ్చేస్తే సగమవుతుంది. బదిలీ దరఖాస్తు పెట్టేముందు ఈ తేడా కట్టి, ఛార్జీల్లో మిగిలేదానితో పోల్చి చూడండి. పన్ను సంగతి: సొంతింట్లో ఉంటూ ఈ భత్యం మీద మినహాయింపు అడగలేరు. కొత్త పన్ను విధానంలో ఉంటే అద్దె కట్టినా ఆ మినహాయింపు లేదు. పాత విధానంలో నాన్నగారికి అద్దె ఇస్తున్నట్టు చూపాలనుకుంటే నిజంగా ఆయన ఖాతాలో వేయాలి, ఇల్లు ఆయన పేరున ఉండాలి, ఆ డబ్బును ఆయన తన ఆదాయంలో చూపాలి.

ప్రైవేటు ఉద్యోగుల్లో జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కింద ఉన్నవాళ్లకి ఇంకో సంగతి మరీ ముఖ్యం. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో, పని నుంచి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, ఆ వేళకీ ఆ దారికీ ఉద్యోగంతో సంబంధం కనపడితే, ఉద్యోగంలో తగిలిన గాయంగానే చూడాలని ఆ చట్టంలో 2010లో చేర్చారు. కాబట్టి ఆఫీసు రికార్డుల్లో మీ అడ్రసు బందరుదే ఉండాలి. ఎప్పుడో రాసిన బెజవాడ రూము అడ్రసు అలాగే వదిలేసి బందరు నుంచి తిరుగుతుంటే, రేపు అవసరం పడితే ఆ కాగితమే అడ్డం తిరుగుతుంది.

మధ్యలో ఉయ్యూరులోనో కంకిపాడులోనో ఇల్లు తీసుకోమని సలహా ఇచ్చే బాబాయిలు ప్రతి ఇంట్లో ఉంటారు. నాకు ఆ ఏర్పాటు మీద సదభిప్రాయం లేదు. అద్దె తప్పలేదు, ప్రయాణం తప్పలేదు, అమ్మా నాన్నల దగ్గరా లేరు, స్కూలూ మారింది. భార్యాభర్తల్లో ఒకరికి బెజవాడలో, ఒకరికి పామర్రు చుట్టుపక్కల ఉద్యోగమైతే అప్పుడు దానికో అర్థం ఉంది.

"పోర్టు వస్తోందిగా, ఇక్కడే ఉద్యోగాలు వస్తాయి" అనేది ఇంకో ఊరట. మంగినపూడి వైపు పనులు 2023లో మొదలైన మాట నిజమే. పోర్టు నడిచినప్పుడు క్రేన్లు, గోదాములు, లారీ రవాణా, కస్టమ్స్ కాగితాల పని తెలిసినవాళ్లకి గిరాకీ ఉంటుంది. మీ పని అందులో ఏదో ఒకదానికి దగ్గరైతే ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టండి. కాకపోతే ఆఫర్ లెటరు చేతికి వచ్చేదాకా దాన్ని లెక్కలో వేసుకోవద్దు. కలెక్టరేటు, కృష్ణా యూనివర్సిటీ, బెల్ కర్మాగారం, మెడికల్ కాలేజీ ఇప్పుడే ఊళ్లో ఉన్నాయి. వాటిలో, వాటికి పనిచేసే కాంట్రాక్టర్ల దగ్గర ఏముందో ఏడాదికోసారైనా వాకబు చేయాలి.

తిరగడానికే నిశ్చయించుకుంటే పై అధికారితో ముందే మాట్లాడండి. "దూరం నుంచి వస్తున్నాను సార్, కాస్త చూడండి" అంటే ఆయన జాలిపడి మర్చిపోతాడు. "తొమ్మిదికి బదులు ఎనిమిదిన్నరకే వస్తాను, ఐదుకి లేస్తాను, బుధవారం ఇంటి నుంచి చేస్తాను, ఫోనులో దొరుకుతాను" అని చెబితే కాదనాలన్నా అవుననాలన్నా ఆయన ఏదో ఒకటి తేల్చాలి. ఒప్పుకున్నది మెయిల్లో పెట్టించుకోండి, అధికారులు మారతారు. వారంలో ఒక్క రోజు తగ్గినా నెలకు ఇరవై గంటలు మిగులుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం కాబట్టి బస్సులు ఆగిపోయే రాత్రి ఎక్కడ పడుకోవాలో ఇప్పుడే అనుకుని ఉంచుకోండి. ఆఫీసు డ్రాయర్లో ఒక జత బట్టలు, మాత్రలు, ఛార్జరు. తీరంలో ఇల్లున్నవాళ్లకి ఇందులో ఇంకో మెలిక ఉంది. తుపాను రోజున మీరు బెజవాడలో చిక్కుకోకూడదు, ఇంటి దగ్గర ఉండాలి. హెచ్చరిక రాగానే పెట్టడానికి రెండు సెలవులు విడిగా దాచండి.

హైదరాబాదులో ఉద్యోగమై కుటుంబం బందరులో ఉన్నవాళ్లది వేరే లెక్క. రాత్రి ఎక్కితే పొద్దున దించే బండి ఉంది కాబట్టి వారానికోసారి రావచ్చు. పిల్లలు పదో తరగతిలో ఉన్న ఏడాదో, ఇంట్లో పెద్దవాళ్లకి బాగాలేని ఏడాదో అది గట్టెక్కిస్తుంది. గడువు పెట్టుకోకుండా మొదలుపెట్టినవాళ్లకి మాత్రం పదేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

మకాం మార్చడమే అయితే స్కూళ్లు తెరిచే జూన్‌కి ముందు మార్చాలి. మార్చిలోపే బెజవాడలో ఇల్లు చూడటం మొదలుపెట్టండి, ఆఫీసుకి దగ్గరగా కాదు, స్కూలుకి దగ్గరగా. బందరు ఇల్లు తొందరపడి అమ్మకండి, మొత్తం అద్దెకి ఇచ్చేయకండి కూడా. వెనక పోర్షన్ అద్దెకిచ్చి ముందు గది మీకు ఉంచుకోండి. ఉప్పుగాలికి తాళం వేసిన ఇల్లు తొందరగా పాడవుతుంది, మనుషులు మసిలితే నిలబడుతుంది.