పందెపు సొమ్ముతో సంసారం నడుస్తుందా?

మోర్తాడ్‌లో జుమా నమాజు తర్వాత ఒక సోదరుడు మమ్మల్ని ఇలా అడిగారు: "పేకాటలో ఆరితేరి, దాని మీదే ఇల్లు గడుపుకునేవాళ్ళున్నారు. అది హరామ్ సంపాదన అంటారు. మరి మా పసుపు సంగతేమిటి? జూన్‌లో విత్తనం వేస్తాం. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి మార్కెట్టుకు తోలేసరికి మార్చి వస్తుంది. ధర ఎంత పలుకుతుందో అల్లాహ్‌కే ఎరుక. ఇదీ జూదమే కదా?"

ఈ ప్రశ్నలో బాధ ఉంది. 2019లో క్వింటాలు ఐదారు వేలు పలికిన పసుపు, 2024 మార్చిలో నిజామాబాద్ మార్కెట్టులో పద్దెనిమిది వేలు దాటింది. మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు పోటీకి దిగిన ప్రాంతం ఇది. అయినా ఈ రెండూ ఒకటి కావు. ముందుగా, జూదం మీద బతకాలంటే ఏం కావాలో లెక్క వేద్దాం.

ఆరుగురు రమ్మీకి కూర్చున్నారనుకోండి. ఆటకు తలా 100 రూపాయలు. పోగైన 600లో నూటికి పది చొప్పున 60 ఆడించేవాడు తీసుకుంటాడు. గెలిచినవాడికి 540. పొద్దుటి నుంచి రాత్రి దాకా 50 ఆటలు. అందరూ సమానంగా ఆడితే ఒక్కొక్కరు ఎనిమిదో తొమ్మిదో గెలుస్తారు, చివరికి అందరూ నష్టపోతారు. ఆరితేరినవాడు 11 గెలిచాడనుకుందాం. చేతికి వచ్చింది 5,940, పెట్టింది 5,000, మిగిలింది 940. ఆడించినవాడికి 3,000. మొత్తం 3,940 ఎక్కడివి? మిగతా ఐదుగురివి. తలా 788 రూపాయలు.

జ్ఞాపకశక్తి, ఓర్పు, లెక్క ఇవన్నీ ఆ వృత్తికి కావాలి, నిజమే. కాని అన్నిటికంటే ముందు కావలసింది రోజూ 788 పోగొట్టుకుని, మర్నాడు మళ్ళీ వచ్చే ఐదుగురు మనుషులు. వారిలో పసుపు అమ్మిన పైకంతో వచ్చిన రైతు ఉండవచ్చు. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బు తెచ్చిన తండ్రి ఉండవచ్చు. వాళ్ళు మానేస్తే ఇతని పొయ్యి వెలగదు. కనుక వాళ్ళను మాననివ్వకుండా చూసుకోవడం కూడా ఇతని వృత్తిలో భాగమే. 'రా, జూదమాడదాం' అని తోటివాడితో అన్నవాడు దానం చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు బుఖారీలో ఉంది. ఆడినందుకు కాదు, ఆ పిలుపుకే! జూదమే జీవనాధారమైనవాడు ఆ పిలుపు రోజూ పిలవక తప్పదు.

రమ్మీ నేర్పుతో ఆడే ఆట కదా అని కొందరు వాదిస్తారు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి హిదాయతుల్లా. అదే తీర్పు మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టపు ఆటగా పేర్కొంది. తర్వాత 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే, నేర్పైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

షరీఅత్ అడిగే ప్రశ్న వేరు. ఓడినవాడి సొమ్ముకు బదులుగా అతనికి ఏం ముట్టింది? ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినవద్దనీ, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం మాత్రమే సమ్మతమనీ దివ్యఖుర్ఆన్ (నిసా సూరా, 29) బోధిస్తోంది. ఓడినవాడూ ఇష్టపడే ఆడాడు కదా అనవచ్చు. ఇష్టం ఒక్కటే చాలదు, అక్కడ వ్యాపారం ఉండాలి. అజ్ఞానకాలపు అరబ్బులు బాణాలతో జూదమాడి, గెలిచిన ఒంటె మాంసాన్ని పేదలకు పంచి గర్వపడేవారు. అటువంటి లాభం ఉన్నా, దానికంటే పాపమే పెద్దదని అల్లాహ్ సెలవిచ్చాడు (బఖరా, 219).

ఇప్పుడు పసుపు సంగతి. రైతు నష్టపోవచ్చు. అయినా తొమ్మిది నెలల కష్టం ఒక సరుకు అయింది. కొన్నవాడి చేతికి కొమ్ములు చేరాయి, ఎవరి వంటలోనో పడ్డాయి. రైతుకు లాభం రావడానికి ఇంకొకరు నష్టపోనక్కరలేదు. సందిగ్ధత ఉన్నంత మాత్రాన జూదం కాదు. అయితే వ్యాపారంలోనూ హద్దులున్నాయి. సరుకు ఏమిటో, ఎంతో తెలియని మోసపూరిత అమ్మకాన్ని దైవప్రవక్త (స) వారించారు. ముందుగా పైకం తీసుకుని తర్వాత సరుకు ఇచ్చే ఒప్పందంలో కొలత, తూకం, గడువు ముందే తేల్చుకోవాలన్నారు. పసుపు అమ్మే ఉద్దేశం, కొనే ఉద్దేశం ఏదీ లేకుండా ధర పెరుగుతుందా తగ్గుతుందా అని ఇద్దరు డబ్బు ఒడ్డితే మాత్రం, దానికి పసుపు పేరున్నా అది జూదమే.

జూదం మానుకున్నవారు అడిగేది మరొకటి ఉంది: గెలిచిన సొమ్ము ఏం చేయాలి? రూమీయులు గెలుస్తారని హజ్రత్ అబూబక్ర్ (రజి) కాసిన పందెపు ఒంటెలు చేతికందేసరికి జూదం నిషిద్ధమై ఉందనీ, వాటిని దానం చేయమని దైవప్రవక్త (స) చెప్పారనీ వ్యాఖ్యానకర్తలు రాశారు. హక్కుదారు ఎవరో తెలిస్తే అతనికే తిరిగి ఇవ్వాలనీ, తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇవ్వాలనీ ధర్మవేత్తలు చెబుతారు. ఊళ్ళో ఆడినవాడికి ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాడో చాలావరకు గుర్తుంటుంది. ఆ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, నెలకు కొంత చొప్పున అయినా ఇవ్వడం మొదలుపెట్టాలి. అతను ఇంకా ఆట మానకపోతే, ఆ సొమ్ము మళ్ళీ పేకముక్కల దగ్గరికి కాక, అతని భార్యాబిడ్డలకు చేరే దారి చూడాలి.