నొప్పి మాత్రలు – దద్దురులు: వంశముతో గల సంబంధమెంత?

తలనొప్పికో, పంటిపోటుకో, కీళ్ల నొప్పులకో ఒక మాత్ర మ్రింగిన గంట రెండు గంటలలో ఒడలంతయు ఎఱ్ఱని దద్దురులు లేచి, దురద పుట్టి, ఒక్కొక్కప్పుడు కనురెప్పలు, పెదవులు ఉబ్బుట కొందరిలో చూచుచున్నాము. అదే మాత్ర అదే యింటిలో మఱియొకరికి ఏ బాధయు కలిగింపదు. ఈ భేదము ఎక్కడిదను ప్రశ్న వైద్యులకే గాక గృహిణులకును అవసరమైనదే. ఏలయన, మాత్రల డబ్బా ఇంటిలో అందరికిని ఒక్కటే.

మాధవ నిదానమునందు శీతపిత్తము, ఉదర్దము, కోఠము అను పేర్లతో ఈ లక్షణములు వర్ణింపబడినవి. కందిరీగ కుట్టినట్లు ఉబ్బిన మచ్చలు, దురద, పోటు, మంట అచ్చట చెప్పబడినవి. చలిగాలి సోకుట ముఖ్య కారణముగా తెలుపబడినది. నొప్పి మాత్రల ప్రసక్తిని ఆ గ్రంథములందు వెదకుట వ్యర్థము. ఆస్పిరిన్ జర్మనీలోని బేయర్ సంస్థయందు 1897లో తయారై, 1899లో విపణికి వచ్చిన పదార్థము. అయినను వ్యాధులు కొన్ని తల్లిదండ్రులనుండి సంక్రమించునను భావము మనకు క్రొత్త కాదు. శుక్రశోణిత దోషములవలన కలుగు వ్యాధులను సుశ్రుతుడు ఆదిబల ప్రవృత్తములని వేఱు చేసి, మాతృజములు, పితృజములు అని విభజించెను. ఆయన ఉదాహరించినవి కుష్ఠము, అర్శస్సులు మొదలగునవి. నేడు కనుగొన్నదంతయు మనవారు ఆనాడే చెప్పిరనుట మాత్రము నాకు సమ్మతము కాదు.

నొప్పి మాత్రలు పనిచేయు తీరును 1971లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ తెలిపెను. 1982లో నోబెల్ బహుమానము పొందెను. శరీరమునందలి అరాకిడోనిక్ ఆమ్లము అను క్రొవ్వు పదార్థమునుండి ప్రోస్టాగ్లాండిన్లు తయారగును. ఆ పని చేయు సైక్లో ఆక్సిజనేజ్ అను ఎంజైమును మాత్ర అడ్డగించును, నొప్పి తగ్గును. కాని ఆ ప్రోస్టాగ్లాండిన్లలో ఇ2 అనునది చర్మమునందలి మాస్ట్ కణములను అదుపులో నుంచునది. అది తగ్గగనే కొందరిలో ఆ కణములు హిస్టమిన్‌ను వెలువరించును. ల్యూకోట్రైన్లు అను మఱికొన్ని తీవ్ర పదార్థములును హెచ్చును. కాలువకు ఒక తూము మూసినచో నీరు రెండవ తూమున పొంగినట్లు దీనిని గ్రహింపవచ్చును. కావుననే ఆస్పిరిన్ పడనివారికి, నిర్మాణమున దానితో పోలిక లేని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లు కూడ తఱచు పడవు. మఱికొందరికి ఒక్క మందు మాత్రమే పడదు, తక్కినవన్నియు పడును. అది వేఱు తెగ. వారికి సాధారణముగా గంటలోపలనే దద్దురులు లేచును.

ఇక జన్యువుల మాట. ఈ ఎంజైములు అందరిలోను ఉన్నవే గదా, కొందరికే దద్దురులేల? ల్యూకోట్రైన్‌ను తయారుచేయు ఎంజైము జన్యువునందలి ఒక స్వల్పభేదము ఆస్పిరిన్ దద్దురులు గలవారిలో హెచ్చుగా నున్నదని 2004లో పోలెండు పరిశోధకులు తెలిపిరి. కొరియాలో వెదకగా ఆ సంబంధము కనబడలేదు. 2005లో కొరియావారు రోగనిరోధమునకు సంబంధించిన హెచ్.ఎల్.ఏ. జన్యువుల ఒక ప్రత్యేకమైన కూర్పును, 2007లో మాస్ట్ కణముల పైనుండు ఒక గ్రాహకపు జన్యుభేదమును చూపిరి. 2012లో స్పెయిన్‌వారు హిస్టమిన్‌ను విఱుగగొట్టు డయమిన్ ఆక్సిడేజ్ అను ఎంజైము జన్యువును ఈ జాబితాకు చేర్చిరి. ఈ చివరిది నన్ను విశేషముగా ఆకర్షించినది. ఆ ఎంజైము ప్రేగుల లోపలి పొరయందు అధికముగా నుండి, ఆహారముతో వచ్చు హిస్టమిన్‌ను గూడ హరించునది. శీతపిత్తమున కోష్ఠమును మొదట చక్కబఱచు మన సంప్రదాయమునకు ఇది నిదర్శనమని చెప్పను గాని, ఆలోచింపదగిన విషయమే.

వీనిలో ఏ ఒక్కటియు తానై దద్దురులను పుట్టింపదు. ఒక్కొక్కటి అవకాశమును కొద్దిగా పెంచును. అట్టివి కొన్ని కూడి, వానికి జ్వరమో, శ్రమయో, మద్యమో, పెద్ద మోతాదో తోడైనప్పుడు దేహము తిరుగబడును. తండ్రి జన్యుభేదములలో సుమారు సగము బిడ్డకు వచ్చును. ఏ సగము వచ్చినదో చూచి మాత్ర పడునో పడదో చెప్పు పరీక్ష నేటికిని వైద్యశాలలందు వాడుకలో లేదు.

అందుచేత వంశమును చూచి తీర్పు చెప్పుట చెల్లదు. తండ్రికి నొప్పి మాత్ర పడదని, పిల్లకు జ్వరము 103 డిగ్రీలున్నను పారాసిటమాల్ ఈయక రాత్రియంతయు తడిగుడ్డతో గడపిన తల్లులను నేనెఱుగుదును. పారాసిటమాల్ ఆ ఎంజైమును మిక్కిలి స్వల్పముగా అడ్డగించును. దద్దురులు వచ్చు పెద్దవారిలో సైతము చాలమంది 500 మిల్లీగ్రాముల మోతాదును సహింతురు. 1000 మిల్లీగ్రాములు వేసికొనినప్పుడు కొందరికి లేచును. పిల్లల మోతాదు బరువునుబట్టి వైద్యుడు నిర్ణయించును. డెంగ్యూ జ్వరమున ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్‌లు రక్తస్రావ భయమును పెంచును గనుక పారాసిటమాలే ఈయదగినది. దానినిగూడ నిరాధారముగా మాన్పించుట బిడ్డకు అన్యాయము.

దీనికి విపరీతముగా నడుచువారును కలరు. ఒకమారు పెదవి ఉబ్బినను, "మా యింట ఎవరికిని లేదు గదా" యని అదే జాతి మాత్రను వేఱొక పేరుతో మఱల మ్రింగుదురు. ఎసిక్లోఫెనాక్‌ను పారాసిటమాల్‌తో కలిపిన మాత్రలు మందుల దుకాణములలో విరివిగా దొరకుచున్నవి. పేరు మాఱినంతమాత్రమున మందు మాఱదు. అయితే గుండెజబ్బునకు 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నిత్యము వాడువారు దద్దురులు కనబడినవని తమంతట తాము మానరాదు. ఆ దినమే గుండె వైద్యునకు తెలుపవలెను. ఆస్పిరిన్‌ను కొద్దికొద్దిగా దేహమునకు అలవాటు చేయు పద్ధతి పెద్ద ఆసుపత్రులలో కలదు.

మన మందులును ఇందుకు మినహాయింపు కాదు. నొప్పులకు రాచు గంధపుర తైలమునందలి ప్రధాన ద్రవ్యము మిథైల్ సాలిసిలేట్. అది ఆస్పిరిన్‌కు దాయాది. పలు బామ్‌లలోను అదే యుండును. ఇక, ఒక్క పూటలో మోకాళ్ల నొప్పిని మాయము చేసిన ఊరూపేరూ లేని చూర్ణమును శంకింపుడు. అట్టివానిలో నొప్పి మాత్రల పొడి కలుపు ద్రోహులు కలరు.

దద్దురులు మాత్రమే లేచినప్పుడు మాత్రను నిలిపి, వైద్యునకు తెలిపి, చల్లని నీట తడిపిన నూలుగుడ్డను కప్పి, వదులైన వస్త్రములు ధరింపవలెను. చలివలన దద్దురులు లేచువారికి ఈ తడిగుడ్డ పనికిరాదు. తఱచు బాధపడువారిచేత నేను హరిద్రాఖండమును వాడింతును. అది ఉపశమనమునకే గాని మాత్రకు విరుగుడు కాదు. దానిని నమ్మి మాత్రను మఱల మ్రింగరాదు. నాలుక ఉబ్బినను, గొంతు బొంగురుపోయినను, ఊపిరాడకున్నను, కండ్లు తిరిగినను పసుపు, వేపాకుల మాట తలపెట్టక తక్షణము ఆసుపత్రికి చేర్పవలెను. ఆ స్థితిలో ఎడ్రినలిన్ ఇంజెక్షన్ తప్ప ప్రాణము నిలుపునది లేదు.

మాత్ర పడనివారు ఇంట నుండినచో ఒక కాగితముపై వారి పేరు, అట్టపై చిన్న అక్షరములలో నుండు అసలు మందు పేరు, మోతాదు, ఎంతసేపటికి దద్దురులు లేచినవి, ఆ దినమున జ్వరముండెనా అనునవి వ్రాసి మాత్రల డబ్బా మూతకు లోపల అంటింపుడు. ఏ వైద్యుని కడకు పోయినను, పంటి వైద్యుడైనను సరే, దానిని ముందుగా చూపవలెను.