మీటర్ అద్దానికి పట్టిన మసక

ప్రశ్న: మాది షోలాపూర్ సాఖర్ పేట. 1998 మోడల్ మారుతి 800 ఉంది. మీటర్ అద్దం లోపల తెల్లగా మసక కమ్మింది. పైన ఎంత తుడిచినా పోతలేదు. రాత్రిపూట ముల్లు ఎక్కడుందో తెలుస్తలేదు. మీటర్ మొత్తం మార్చమంటున్నారు. మార్చాల్నా?

జవాబు: మార్చకండి. మీటర్ పనిచేస్తోంది, కనబడడం లేదంతే. ముందు ఒక పని చేయండి. బండి ముందు అద్దాన్ని లోపలివైపు వేలితో రాసి చూడండి. జిడ్డు తగిలితే మీటర్‌లో ఉన్నదీ అదే. డాష్‌బోర్డు, సీట్ల రెగ్జిన్ మెత్తగా ఉండటానికి వాటిలో నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. మన ఊరి మే నెల ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన బండిలో అవి కొద్దికొద్దిగా ఆవిరై, చల్లబడ్డాక దొరికిన అద్దం మీదల్లా పేరుకుంటాయి. దానికి మన పేటల గాలిలో తేలే దూది నూగు తోడవుతుంది. కింద మగ్గాలు, పైన కాపురం ఉండే ఇళ్ల ముందు ఆగే బండికి ఈ రెండూ తప్పవు.

పని కష్టమైంది కాదు, తొందర పనికిరాదు. ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసి పక్కన పెట్టండి. బండిని అరగంట ఎండలో ఉంచండి. ఏళ్ల తరబడి ఎండిన ప్లాస్టిక్ క్లిప్పులు చల్లగా ఉన్నప్పుడు పుటుక్కున విరుగుతాయి, వెచ్చబడితే కొంచెం వంగుతాయి. మీటర్ చుట్టూ ఉన్న చట్రం స్క్రూలు తీసి, మీటర్‌ను కొద్దిగా ముందుకు లాగి, వెనక్కి చెయ్యి పెట్టి స్పీడోమీటర్ కేబుల్ గొళ్లెం నొక్కి వదిలించాలి. కేబుల్ ఊడకముందే మీటర్‌ను పూర్తిగా లాగితే వెనకున్న పల్చటి రాగి పట్టీ చినుగుతుంది. వైర్లు ఊడదీసే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి.

క్లిప్పులు వదిలి అద్దం ఊడొచ్చాక ముళ్లు బయటపడతాయి. వాటిని వేలితో గానీ గుడ్డతో గానీ ముట్టుకోవద్దు. స్పీడు ముల్లు వెంట్రుకలాంటి సన్నటి స్ప్రింగు మీద ఆనుకుని ఉంటుంది. కాస్త తిరిగిందంటే 40లో వెళ్తుంటే 50 చూపిస్తుంది. అంకెల పలక మీద దుమ్ముంటే కెమెరాకు వాడే రబ్బరు బుడ్డితో ఊదండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. పలకకు నీళ్లు తగలనివ్వద్దు, దాని మీది అంకెలు అచ్చువేసినవి.

అద్దం అని పిలుస్తున్నాం గానీ అది చాలా బండ్లలో యాక్రిలిక్ ప్లాస్టిక్. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, అందులో కాసేపు నాననిచ్చి, వేళ్లతోనే మెల్లగా రుద్దండి. జిడ్డు వదిలిందీ లేనిదీ వేలికే తెలుస్తుంది. జారుడు పోయి కిర్రుమంటే చాలు. చివరగా ఫిల్టర్ నీళ్లతో కడగండి. బోరు నీళ్లు ఆరితే తెల్ల మచ్చలు మిగులుతాయి.

ఇప్పుడు తుడిచే గుడ్డ సంగతి. మన ఇళ్లలో చేతికందేది టవలే. దేశమంతా వాడే టవళ్లు నేసే వాళ్లం కదా, దాన్ని వద్దనడం నాకూ ఇష్టం లేదు. కానీ కొత్త టవల్‌కు వదులు నూగుంటుంది, వాడిన టవల్ పోగుల మధ్య ఇసుక రేణువులు దాక్కుంటాయి. పొడిగా గట్టిగా రుద్దితే గీతలు పడటమే కాదు, ప్లాస్టిక్‌కు కరెంటు పుట్టి చుట్టుపక్కల నూగునంతా లాక్కుంటుంది. చలికాలంలో పాలిస్టర్ నూలు చేతికి అంటుకోవడం మగ్గం దగ్గర పనిచేసే ప్రతివాళ్లూ చూసే ఉంటారు. అందుకే బాగా ఉతికి మెత్తబడ్డ పాత నూలు పంచె ముక్క గానీ మైక్రోఫైబర్ గుడ్డ గానీ తీసుకుని అద్దండి, రుద్దకండి. పూర్తిగా ఆరాకే బిగించండి. ఈ పని మగ్గాలు ఆగిన రోజున, తలుపు వేసుకుని చేస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: నీలంనగర్‌లో ఉంటం. వానలు పడ్డప్పటి సంది మీటర్ లోపల నీటి బొట్లు కనబడుతున్నయి. ఎండకు పోతయి, మళ్లొస్తయి. తీసి తుడిస్తే సరిపోతదా?

జవాబు: సరిపోదన్నా. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో పట్టుకోకుండా తుడిస్తే వచ్చే వానకు మళ్లీ ఇదే. బండిని కార్ఖానా గోడ పక్కన నిలుపుతున్నారా? అయితే బానెట్ వెనక, వైపర్ల కింద ఉండే జాలీ తీసి చూడండి. వాన నీళ్లు కిందికి పోయే దారి అక్కడే ఉంటుంది. నూగు, వేపాకులు కలిసి అట్టగట్టి దాన్ని మూసేస్తే నీళ్లు నిలిచి లోపలికి దిగుతాయి. ఆ అట్టను చేత్తో తీసి, ఒక చెంబు నీళ్లు పోసి కిందికి కారుతున్నాయో లేదో చూడండి. కారుతుంటే బండి ముందు అద్దం రబ్బరు బీడింగ్‌ను అనుమానించాలి. ఒకరు బయట పైపుతో నీళ్లు కొడుతుంటే ఇంకొకరు టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద చూడాలి. కార్పెట్ ఎత్తి దాని కింద తడి కూడా చూడండి. తేమ అక్కడ దాగి ఉన్నంత కాలం మీటర్‌కు ఆవిరి పట్టడం ఆగదు.

ఇంకొకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బండిలో తియ్యటి వాసన వస్తూ అద్దాల మీద జిగురుగా పొర కడుతుంటే అది వాన నీరు కాదు, హీటర్‌లోంచి కూలెంట్ కారుతోంది. మన ఊళ్లో హీటర్ ఎవరూ వేయరు కాబట్టి దాని సంగతే ఎవరికీ గుర్తుండదు. కూలెంట్ తగ్గితే ఇంజిన్ వేడెక్కుతుంది. అప్పుడు మీటర్ పని పక్కన పెట్టి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: గ్యారేజీలో మీటర్ అద్దాన్ని థిన్నర్‌తో తుడిచిండ్రు. నిగనిగలాడుతదనుకుంటే లోపలంత సన్న సన్న పగుళ్లొచ్చినయి. బాగైతదా? (దాజీ పేట)

జవాబు: కాదు. థిన్నర్, పెట్రోలు, స్పిరిట్ ఇవేవీ యాక్రిలిక్‌కు తగలకూడదు. ఆ పగుళ్లు లోపలికి దిగుతాయి కాబట్టి పాలిష్‌కు పోవు. పాత సామాన్ల దుకాణంలో అదే మోడల్ అద్దం ఒక్కటే వెతకండి, మీటర్ మొత్తం కొననక్కర్లేదు. పైపై గీతలైతే వేరే సంగతి. 2000 నంబరు వాటర్ పేపర్‌ను బాగా తడిపి ఒకే దిశలో రుద్ది, తర్వాత 3000తో రుద్ది, ఆపై ప్లాస్టిక్ పాలిష్ పెడితే పోతాయి. టూత్‌పేస్టు పెట్టొద్దు, దాని గరుకు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది.

ప్రశ్న: విడి ఘర్కుల్ నుంచి రాస్తున్న. మా బాపు కొన్న ప్రీమియర్ పద్మిని ఇంకా నడుస్తున్నది. మీటర్ మసక తీయిస్తున్నం గనక అంకెలు, ముల్లు కూడ కొత్త రంగు వేయించమంటున్నడు మా తమ్ముడు. వేయించాల్నా?

జవాబు: చెల్లెమ్మా, మసక తీయించండి, రంగు వద్దు. ముల్లు మీద బ్రష్షుతో పెయింట్ వేస్తే బరువు పెరిగి తప్పు చూపిస్తుంది. చేతితో దిద్దిన అంకెలు ఎంత శ్రద్ధగా వేసినా దిద్దినట్టే కనబడతాయి. వెలిసిన అంకెలు చదవడానికి వస్తున్నంత వరకు అలాగే ఉండనివ్వండి. ముంబయి కుర్లాలో తయారైన ఆ బండ్లకు ఇప్పుడు సామాన్లు తగ్గిపోతున్నాయి. 2023 అక్టోబరులో ముంబయి రోడ్ల మీద చివరి పద్మిని టాక్సీకి కూడా గడువు తీరింది. మీ బాపు నడిపిన మీటర్ అసలు రూపంలో ఉండటమే దాని విలువ. వెలుతురు చాలకపోతే వెనక బల్బులు మార్చండి. పాత బల్బు గాజు లోపల నల్లబడి సగం వెలుగే ఇస్తుంది. ఎక్కువ వాట్ల బల్బు మాత్రం పెట్టొద్దు, వేడికి హోల్డర్ కరుగుతుంది.

ప్రశ్న: శుభ్రం చేసి బిగించినంక పెట్రోలు ముల్లు లేస్తలేదు. మీటర్ చెడిపోయిందా?

జవాబు: చాలావరకు కనెక్టర్ సరిగా కూర్చోలేదు, లేదా ఎర్త్ వైరు వదులుంది. కనెక్టర్ ఊడదీసి, రాగి పట్టీ కొనను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెట్టండి. అప్పటికీ లేవకపోతేనే ట్యాంకులో ఉండే ఫ్లోట్‌ను చూపించండి. మీటర్ ఊడదీసి బిగించాక స్పీడు ముల్లును కూడా సరిచూసుకోవాలి. ఎంహెచ్-13, అంటే మన షోలాపూర్ నంబరుతో 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్టీఓలో రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. స్పీడోమీటర్ పనిచేయడం చట్టప్రకారం తప్పనిసరి కాబట్టి, బిగించాక ఖాళీ రోడ్డు మీద ఒక కిలోమీటరు నడిపి, ఫోన్‌లో జీపీఎస్ చూపే వేగంతో పక్కనున్న వాళ్లచేత పోల్చి చూపించుకోండి.