ఫ్లోరిన్, ఫ్లోరైడ్

నల్లగొండ జిల్లా విద్యార్థికి బడిలో చేరకముందే తెలిసిన రసాయనశాస్త్ర పదం ఒకటున్నది: ఫ్లోరిన్. "మా బావిలో ఫ్లోరిన్ నీళ్ళు" అని నార్కట్‌పల్లి ప్రాంతపు పెద్దలు అనగా మేమూ విన్నాము. పత్రికలు సైతం అట్లే వ్రాసినవి. కాని బావిలో ఉన్నది ఫ్లోరైడ్. తెలుగు బోధించే మాకు రసాయనశాస్త్రంతో పనియేమని అడుగవచ్చును. ఉర్దూ ఎరిగిన మన విద్యార్థులకు జవాబు చెప్పనక్కరలేదు. జీమ్‌తో పలికిన జలీల్ ఘనుడు, జాల్‌తో పలికినవాడు నీచుడు. తెలుగు లిపిలో ఇద్దరూ ఒకటే!

ఫ్లోరిన్ ఒక మూలకం, లేత పసుపు వన్నెగల విషవాయువు. దానిని 1886లో విడదీసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ మ్వాసాన్‌కు 1906లో నోబెల్ బహుమానం లభించినది. నీరు తగిలినంతనే దానితో చర్య జరిపే ఆ వాయువు బావిలో నిలువజాలదు. ఫ్లోరిన్ పరమాణువు ఒక ఎలక్ట్రానును అదనంగా గ్రహించినపుడు ఫ్లోరైడ్ అగును. మన గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుండి భూగర్భజలంలోకి కరిగివచ్చి, పండ్లపై గారలు తెచ్చి, ఎముకలను వంచినది ఇదియే.

మాట తప్పినందున వచ్చే నష్టమేమి? వాయువనుకొన్నవాడు నీళ్ళు మరిగిస్తే అది ఎగిరిపోవునని తలచును. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న 2 లీటర్ల నీటిని లీటరున్నర అయ్యేదాకా కాచినామనుకొందము. ఆవిరైనది నీరే, 6 మిల్లీగ్రాములూ గిన్నెలోనే ఉన్నవి. ఇప్పుడు లీటరుకు 4! క్రిములు చచ్చినవి, ఫ్లోరైడ్ చిక్కబడినది.

క్లోరిన్, క్లోరైడ్ జంట కూడా ఇటువంటిదే. ట్యాంకు నీటిలో క్రిములను చంపేది క్లోరిన్. కూరలో వేసుకొనే ఉప్పు క్లోరైడ్. ఈ భేదంలో ఎవరూ పొరబడరు, నాలుక చెప్పును. ఫ్లోరైడ్‌కు ఆ రుచి లేదు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ వారు 1970వ దశకంలో రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టినారు: నల్లగొండ టెక్నిక్. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగు పౌడరు కలిపి కలియబెట్టి తేర్చుదురు. ఫ్లోరైడ్‌ను పట్టి అడుగుకు దించేది పటిక. బ్లీచింగు పౌడరు క్రిముల కొరకు మాత్రమే. ఒక్క దానినే బావిలో చల్లి ఫ్లోరైడ్ పోయినదనుకొనరాదు.

మిషన్ భగీరథ 2016లో ఆరంభమై నదీజలం ఇండ్లకు వచ్చినది. అయినను బోరు నీళ్ళు త్రాగేవారు పరీక్ష చేయించినపుడు కాగితంలో ఫ్లోరైడ్ అన్న వరుసనే చూడవలెను. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుదురు. అదే కాగితంలో క్లోరైడ్ అంకె వందలలో ఉండవచ్చును. దానిని చూసి బెదరనక్కరలేదు, అది ఉప్పు లెక్క.