ఋషికుల్య తీరమున తాబేళ్ల లెక్క

గంజాం జిల్లాలో ఋషికుల్యా నది సముద్రమున కలియుచోట పురుణబంధ, గోఖరకుద, పోడంపేట మొదలగు పల్లెలు కలవు. ఈ తీరపు జాలరులలో ఇంట తెలుగు మాటలాడువారు అనేకులు. ఇచ్చటి ఇసుకపైకి ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్లు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టునని 1994లో శాస్త్రజ్ఞులు లోకమునకు వెల్లడించిరి. ఒడ్డున పుట్టి పెరిగినవారికి అది క్రొత్త వార్త కాదు. ప్రక్క రాష్ట్రమున శిక్షణ పొందిన కాలమున మేము తాబేలు పాఠమును పటము చూపి బోధించుట నేర్చితిమి. ఇచ్చటి పిల్లలకు పటముతో పనిలేదు.

ఒక్క రాత్రిలో వేలకొలది తాబేళ్లు వచ్చునప్పుడు వానిని లెక్కించుట ఎట్లు? తీరము పొడవునను అక్కడక్కడ కొలిచిన పట్టీలను గుర్తింతురు. ఆ పట్టీలలో గ్రుడ్లు పెట్టుచున్నవానిని మాత్రమే నియమిత కాలాంతరములలో ఎంచి, దానినిబట్టి తీరమంతటికిని అంచనా కట్టుదురు. త్రైరాశికము వచ్చిన పిల్లవానికి ఈ లెక్క కష్టము కాదు. కష్టమైనది చీకటిలో చూచుట. ఊరక వచ్చి మరలిపోయిన తాబేలు జాడ ఏది, గ్రుడ్లు పెట్టి పోయినదాని జాడ ఏది అని ఇసుకను చూచి చెప్పగల కన్ను ఒడ్డువారికి అలవాటున వచ్చినది. అందుచేతనే అటవీశాఖవారును పరిశోధకులును పల్లె యువకులను వెంటబెట్టుకొందురు.

తాబేలు నీట నివసించినను గాలి పీల్చు ప్రాణి. ట్రాలరు వలలో చిక్కి పైకి రాలేనిచో ఊపిరాడక చచ్చును. కావున నవంబరు 1 నుండి మే 31 వరకు ఈ నదీముఖమున తీరమునుండి 20 కిలోమీటర్లలోపల చేపలవేట నిషిద్ధము. ఏడు నెలలు! ఆ భారము ఎవరిపై పడుచున్నదో తల్లిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు. నిషేధపు ఉత్తరువుతోపాటే జీవనభృతియు చేతికందవలెనని మా అభిప్రాయము. పస్తున్నవానిని కావలికి పిలుచుట న్యాయము కాదు.

అయినను వారు కావలి కాయుచునే ఉన్నారు. సుమారు ఏడు వారములకు పిల్లలు రాత్రివేళ ఇసుకనుండి వెలువడి, వెలుగున్న దిక్కునకు ప్రాకును. పూర్వము ఆ వెలుగు సముద్రముదే. ఇప్పుడు రోడ్డు దీపములు, కర్మాగారపు దీపములు వానిని వెనుకకు లాగుచున్నవి. పల్లెవారు ఒడ్డువెంబడి వలలు అడ్డుగట్టి, దారితప్పిన పిల్లలను బక్కెట్లలో ఎత్తి సముద్రమున విడుతురు.

2024లో ఇచ్చటికి తాబేళ్లు గుంపుగా రాలేదు. 2025 ఫిబ్రవరిలో 6 లక్షల 90 వేలకు పైగా వచ్చినట్లు లెక్క తేలినది. ఈ భేదమునకు కారణము వెదకువారికి రాని ఏటి వివరములును కావలెను: గాలి ఏ దిక్కున వీచెను, నదీముఖము ఎంత జరిగెను, ఎన్ని కళేబరములు కొట్టుకొనివచ్చెను. ఇవి నిత్యము ఒడ్డున నిలుచువారే చెప్పగలరు. తీరపు పల్లెల విద్యార్థులు ఈ చలికాలమునుండి ఒక నోటుపుస్తకమున తేదీతో ఇవి వ్రాయుడు. గాలికి, అలకు మీ తాతలు ఏ పేరు చెప్పుదురో ఆ పేరే వ్రాయుడు. గ్రంథములలోని మాటకై వెదకవలదు. టార్చిదీపము వేయరాదు, గ్రుడ్లను తాకరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము కూడ. నెలకొకమారు పుస్తకమును మాకు తెచ్చి చూపుడు.