డేటాబేసులో ఫంక్షనును నడపు అధికారము

1970వ సంవత్సరమున ఎడ్గార్ కాడ్ అను పండితుడు రిలేషనల్ డేటాబేసు పద్ధతిని ప్రకటించెను. ఇందు సమాచారమంతయు పట్టికలలో నుండును. పలుమారు చేయవలసిన పనిని ఒకసారి వ్రాసి, పేరు పెట్టి, డేటాబేసులోనే దాచినచో దానిని ఫంక్షను అందురు. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసునందు ఫంక్షనును నడపు అధికారమును గూర్చి యిచట వివరింతుము.

మొదట మా పొరపాటును చెప్పెదము. మార్కుల పట్టికను సవరించు ఫంక్షను నొకదానిని వ్రాసితిమి. సాధారణముగా ఫంక్షను, పిలిచినవాని అధికారముతోనే పని చేయును. మేము మాత్రము దానిని "సెక్యూరిటీ డిఫైనర్" విధమున వ్రాసితిమి. అనగా ఎవరు పిలిచినను పని యజమాని అధికారముతో జరుగును. గుమాస్తా పట్టికను తాకకయే, ఫంక్షను మూలముననే మార్కులు దిద్దవలెనని మా యుద్దేశము. పిమ్మట విద్యార్థుల ఖాతానుండి ఆ యధికారమును "రివోక్" అను ఆజ్ఞచే తీసివేసి నిశ్చింతగా నుంటిమి. కాని పరీక్షించి చూడగా, విద్యార్థి ఖాతాతోనే మార్కులు మారినవి!

కారణమేమి? ఫంక్షను పుట్టినప్పుడే దానిని నడపు అధికారము "పబ్లిక్", అనగా సర్వజనులకు, తనంతట లభించును. ఒకనికి ప్రత్యేకముగా నీయని హక్కును వానినుండి తీసివేయుట వ్యర్థము. వీథితలుపు బార్లగా తెరచియుంచి, ఒకని తాళపుచెవిని లాగికొన్నట్లే!

కావున చేయవలసిన క్రమ మిది:

1. మొదట పబ్లిక్‌నుండి అధికారమును రివోక్ చేయవలెను. పిదప అవసరమైనవారికే "గ్రాంట్" చేయవలెను.

2. ఫంక్షనును సృష్టించుటయు, ఈ కట్టుబాటును ఒకే ట్రాన్సాక్షనులో జరుపవలెను. లేనియెడల నడుమ కొంతసేపు తలుపు తెరచియుండును.

3. ఒకే పేరుతో పెక్కు ఫంక్షను లుండవచ్చును గాన, ఆజ్ఞలో వాని ఆర్గ్యుమెంట్ల రకములను చెప్పుట మేలు.

4. డిఫైనర్ ఫంక్షనుకు "సెర్చ్ పాత్" నిర్ణయింపవలెను. లేకున్న మోసగాడు అదే పేరుగల నకిలీ పట్టికను ముందు నిలుపగలడు.

5. ఫంక్షనును తొలగించి మరల సృష్టించినచో పబ్లిక్ అధికారము తిరిగి వచ్చును. "క్రియేట్ ఆర్ రిప్లేస్" అన్నచో పూర్వపు కట్టుబాట్లు నిలుచును.

కడపట నొక మాట. ఆజ్ఞ తప్పు చూపక నెరవేరినంతమాత్రమున పని జరిగినట్లు కాదు. ఎవరిని వారింపదలచితిమో వారి ఖాతాతోనే ప్రవేశించి చూడవలెను. ఒక బాలుని మార్కు వాని యేడాది శ్రమకు ఫలము. దానిని కాపాడువాడు తాను వేసిన తాళమును తానే లాగి చూడవలదా?