సేవాభవనాలు – భూకంప భద్రత

భూకంపమనగానే మనకు కచ్, అస్సాం వంటి దూరప్రాంతాలే స్ఫురిస్తాయి. కాని 1969 ఏప్రిల్ 13న గోదావరి లోయలోనే, భద్రాచలం సమీపాన, సుమారు 5.7 పరిమాణం గల భూకంపం సంభవించింది. భారతీయ ప్రమాణాల సంస్థవారి 2002, 2016 పటాలలో భద్రాచలం ప్రాంతమూ, పశ్చిమగోదావరి సీమా మూడవ మండలంలో, అనగా మధ్యస్థమైన ముప్పు గల మండలంలో చేరినవి. పైగా డెల్టా నేల మెత్తని ఒండ్రు. గట్టి రాతి నేలకంటె అట్టి నేలలో కంపనం హెచ్చుతుంది.

అయితే అన్ని కట్టడాలనూ ఒకే బలంతో కట్టనవసరం లేదు. అందుకే ఆ ప్రమాణం ప్రాముఖ్య గుణకాన్ని నిర్ణయించింది. 2016 ప్రతి ననుసరించి సాధారణ గృహానికి ఇది 1.0, 200 మందికి మించి నివసించే లేదా పనిచేసే భవనానికి 1.2, ఆస్పత్రులకు, పాఠశాలలకు 1.5. అనగా సామాన్య గృహం 100 పాళ్ల పార్శ్వబలానికి తట్టుకొనవలసి ఉంటే, అదే చోట, అదే రీతిలో కట్టిన ఆస్పత్రి 150 పాళ్లకు తట్టుకొనవలెను.

ఇక్కడ ఒక ప్రశ్న. ఆస్పత్రి వెనుకనున్న జనరేటరు గదిని, పంపుల గదిని ఏ తరగతిలో చేర్చవలెను? అందులో ఉండేది ఒకరిద్దరే, విలువా స్వల్పమే. కనుక 1.0 చాలునని తోచవచ్చు. అది పొరపాటు. దీపం ఆరిపోయి, నీరు ఆగిపోయిన శస్త్రచికిత్సాలయం నిలిచియున్నా రోగికి ఏమి లాభం?

అమెరికాలోని ఆలివ్ వ్యూ ఆస్పత్రి 1971 భూకంపంలో కూలగా, మిక్కిలి దృఢంగా మరల నిర్మించారు. 1994 భూకంపంలో కట్టడం నిలిచింది. కాని నీటిగొట్టాలు పగిలి, రోగులను తరలించవలసి వచ్చింది. ఆ దేశపు ప్రమాణాలలో ఆస్పత్రులది అత్యున్నతమైన నాలుగవ తరగతి. ఆపత్సమయంలో వాటికి విద్యుత్తు అందించే సేవాభవనాలదీ అదే తరగతి.

కాబట్టి సూత్రమిది: సేవాభవనం తరగతిని దాని పరిమాణం నిర్ణయించదు, అది ఎవరిని సేవిస్తున్నదో అది నిర్ణయిస్తుంది. పట్టికలోనిదానికంటె హెచ్చు గుణకాన్ని ఎన్నుకొనే స్వేచ్ఛను మన ప్రమాణమూ యజమానికి, ఇంజనీరుకు ఇచ్చింది. మన సీమలో ఆస్పత్రికో, విద్యార్థి వసతిగృహానికో నమూనా గీయించేవారు ప్రధాన భవనంతోపాటు పంపుల గదిని గురించి కూడ ఈ ప్రశ్న అడుగవలెను. పునాది తీయకముందు అడిగితే ఖర్చు స్వల్పం. భూమి కదిలిన తరువాత అడిగితే ఫలం శూన్యం.